ముప్ఫై కిలోమీటర్ల విదేశం

విశ్వవిద్యాలయం వారి సర్క్యులర్ మార్చి మొదటి వారంలో వచ్చింది. న్యాయ విద్యార్థులు ప్రపంచ పౌరులుగా ఎదగాలట. అందుకని ఆఖరి సంవత్సరం వాళ్ళు వేసవి సెలవుల్లో నాలుగు వారాలు విదేశంలో ఏదైనా న్యాయవాది దగ్గర ఎక్స్‌టర్న్‌షిప్ చేయాలట. చేసినవాళ్ళకి వంద మార్కులట, చేయనివాళ్ళకి పట్టా లేదట. ఇన్ని ‘అట’ల కిందా వైస్ ఛాన్సలర్ గారి సంతకం ఉంది. సంతకం కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఇందుకగు ఏర్పాట్లు కళాశాలయే చూచుకొనవలెను’ అని కూడా ఉంది.

మాది కాకినాడలో గరుడాచలం న్యాయ కళాశాల. నేను అక్కడ ఇరవై రెండేళ్ళుగా సివిల్ ప్రొసీజర్ కోడ్ చెబుతున్నాను. మా పిల్లల్లో సగం మంది పగలు ఎక్కడో ఒకచోట పని చేసుకుంటూ చదివేవాళ్ళే. విమానం వాళ్ళ నెత్తి మీదుగా పోవడమే గాని వాళ్ళెక్కడం ఇంతవరకూ జరగలేదు.

స్టాఫ్ మీటింగులో ఆ మాటే అన్నాను. అనకూడదు. మీటింగులో నోరు తెరిచినవాణ్ణే కన్వీనర్ని చేయడం మా కాలేజీ ఆచారం. ‘అంతర్జాతీయ ఎక్స్‌టర్న్‌షిప్ కన్వీనర్’ అని నా పేరు మినిట్సు పుస్తకంలో ఎక్కిపోయింది.

“అసలు ఇంటర్న్‌షిప్పు అని ఉండేది గదండి, ఈ ఎక్స్‌టర్న్‌షిప్పేంటండి కొత్తగా?” అన్నాడు ఆఫీసు సూపరింటెండెంట్ గొల్లకోట అప్పాజీ.

“ఇంటర్న్‌షిప్ అంటే ఇంట్లో ఉండి చేసేది. ఎక్స్‌టర్న్‌షిప్ అంటే ఎల్ల దాటి చేసేది. మాటలోనే ఉంది” అన్నారు ప్రిన్సిపాల్ డాక్టర్ తటవర్తి నరహరిరావు గారు. ఇంగ్లీషు మాటలకు తెలుగులో వ్యుత్పత్తి చెప్పగల మహానుభావుడు ఈ జిల్లాలో ఆయనొక్కరే. డాక్టరేటు దేనిలో వచ్చిందో మేమెవరం అడగలేదు.

ఎల్ల దాటడం ఎలాగా అని అందరం ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాం. అప్పాజీ లేచి బీరువాలోంచి కాలేజీ నిబంధనావళి తీసుకొచ్చాడు. యాభై మూడులో వ్యవస్థాపకులు గరుడాచలం పంతులు గారు స్వహస్తాలతో రాసిన పుస్తకం అది. ఆనాడు మన వైపు మద్యనిషేధం, ముప్ఫై కిలోమీటర్ల అవతల యానాం ఇంకా ఫ్రెంచివాళ్ళది. లా చదివే కుర్రకారు శనివారం సాయంత్రం బయల్దేరి వెళ్ళి ఆదివారం సాయంత్రానికి తూలుతూ వచ్చేవారట. పంతులు గారికి ఒళ్ళు మండి పుస్తకంలో ‘విదేశం’ అనే మాట మూడు చోట్ల వాడారు. అప్పాజీ గొంతు సవరించుకుని చదివాడు.

“రెండో నిబంధన: విదేశమనగా యానాము. తొమ్మిదో నిబంధన: విదేశీయులెవ్వరును ఈ కళాశాలయందు ఏ పదవియు నిర్వహింపరాదు. పద్నాలుగో నిబంధన: విద్యార్థులెవ్వరును విదేశమునకు పోయి మద్యము సేవింపరాదు. అంతేనండి.”

ప్రిన్సిపాల్ గారి ముఖం వెలిగిపోయింది. “విదేశమనగా యానాము! ఇంత స్పష్టమైన నిర్వచనం ఏ చట్టంలో ఉందయ్యా?”

“సార్, యానాం మన దేశంలో కలిసి డెబ్బై ఏళ్ళు కావస్తోంది” అన్నాను.

“దేశంలో కలిసింది మాస్టారూ. మన నిబంధనావళిలో కలవలేదు. సవరణ జరిగిందా? చూడవయ్యా అప్పాజీ.”

అప్పాజీ చూశాడు. సవరించాలంటే వ్యవస్థాపక సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది చేతులెత్తాలని రాసి ఉంది. వ్యవస్థాపక సభ్యులు పదకొండు మంది. పదకొండు మందీ హాల్లో ఫోటోల్లో ఉన్నారు, దండలతో సహా.

“సవరణ జరగలేదు, ఇక జరగదు. కనుక యానాం శాశ్వతంగా విదేశం. మాస్టారూ, మీరు కన్వీనర్‌గా సంతకం చేయండి” అన్నారు ప్రిన్సిపాల్. నేను చేశాను. ఇరవై రెండేళ్ళుగా ఏ కాయితం ముందు పెట్టినా సంతకం చేస్తున్న చెయ్యి, ఆ ఒక్కరోజు మాత్రం ఎందుకాగుతుంది?

ఇక చూడండి మా హడావుడి. నలభై ఒక్క మంది విద్యార్థులకి కాలేజీ తరఫున నీలం అట్టతో ‘ప్రయాణ పత్రాలు’ అచ్చువేయించాం. ఎగ్జామ్స్ సెక్షన్ కిటికీని ‘ఎమిగ్రేషన్’ అన్నాం. వాచ్‌మన్ చేతికి ‘నిర్గమనము’, ‘ఆగమనము’ అని రెండు రబ్బరు స్టాంపులు ఇచ్చాం. విదేశాల్లో ఎలా మసలుకోవాలో ప్రిన్సిపాల్ గారు రెండు రోజులు అవగాహన తరగతులు నడిపారు. ‘కల్చరల్ షాక్‌ను తట్టుకొనుట’ అనే అంశం మీద గంటన్నర మాట్లాడారు.

“అక్కడ భాషా సమస్య ఎదురుకావచ్చు. చిరునవ్వుతో, సైగలతో నెట్టుకు రావాలి” అన్నారు.

“వాళ్ళూ తెలుగే మాట్లాడతారండి” అన్నాడు వెనక బెంచీలోంచి ఒకడు.

“అది వాళ్ళ సౌజన్యం” అన్నారు ప్రిన్సిపాల్.

జెట్ లాగ్ సంగతి అప్పాజీ అడిగాడు. బస్సు గంటంపావు ప్రయాణం కాబట్టి, చేరిన మొదటి రోజు విశ్రాంతి దినంగా తీర్మానించాం.

ఈ సంబరమంతా ఒక అమ్మాయి వరండాలో నిలబడి చూస్తోంది. పేరు సంగాడి నూకరత్నం. మూడేళ్ళుగా మా కాలేజీకి ఫస్టు తనే. వాళ్ళ నాన్న గోదారి మీద పడవ నడుపుతాడు. ప్రతిరోజూ ఉదయం ఏడింటికి బస్సెక్కి కాకినాడ వచ్చి, సాయంత్రం బస్సులో వెళ్ళిపోతుంది. ఏ ఊళ్ళో ఎక్కి ఏ ఊళ్ళో దిగుతుందో ఈపాటికి మీకర్థమయ్యే ఉంటుంది. ఆ అమ్మాయిది యానాం.

మరునాడు దరఖాస్తు పట్టుకుని వచ్చింది. యానాంలో లాజరస్ వకీలు గారి ఆఫీసు వాళ్ళింటికి నాలుగడుగులే గనక, తనకి అక్కడ వేయమని రాసింది. ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

“చూడమ్మా. ఎక్స్‌టర్న్‌షిప్ విదేశంలో చేయాలి. యానాం నీకు స్వదేశం. స్వదేశంలో చేస్తే అది ఇంటర్న్‌షిప్ అవుతుంది.”

“సరేనండి. అయితే నాకు కాకినాడ విదేశం గదండి. ఇక్కడే ఎవరో ఒక లాయర్ గారి దగ్గర చేస్తానండి” అంది రత్నం. ఎక్కడా తొట్రుపాటు లేదు.

“కాకినాడ కాలేజీకి స్వదేశం. ఎక్స్‌టర్న్‌షిప్ కాలేజీకీ బయట ఉండాలి, నీకూ బయట ఉండాలి. ఉభయత్రా బాహ్యత్వం అంటారు దీన్ని.” ఎవరంటారో చెప్పలేదు.

“మరి నేనెక్కడ చెయ్యాలండి?”

“అది పరిశీలనార్హమైన విషయం. పరిశీలిస్తాం.”

రత్నం బయటికొచ్చి నా దగ్గర ఆగింది. “నవ్వాలో ఏడవాలో తెలీట్లేదండి మాస్టారూ. నాకు హైకోర్టులో లా క్లర్కుగా వచ్చిందండి. జూన్ ముప్ఫయ్యో తారీఖు సాయంత్రం ఐదింటిలోపు ప్రొవిజనల్ సర్టిఫికెట్ అప్‌లోడ్ చెయ్యాలండి. లేకపోతే వెయిటింగ్ లిస్టులో తర్వాతి వాళ్ళకి ఇచ్చేస్తారండి.”

“కంగారు పడకమ్మా, నేను చూస్తాను” అన్నాను. యానాం విదేశమన్న తీర్మానం కింద సంతకం నాదేనని చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు.

మే మొదటి తారీఖున విదేశీ బృందానికి వీడ్కోలు సభ పెట్టాం. కుర్రాళ్ళకి పూలదండలు, అమ్మాయిలకి కొబ్బరిబొండాలు. తల్లులు ఆవకాయ జాడీలు ఇచ్చి “అక్కడ తిండి పడుతుందో పడదో” అని కళ్ళొత్తుకున్నారు. ప్రిన్సిపాల్ గారు జెండా ఊపడానికి తన కొత్త తెల్ల కారులో వచ్చారు. దిగీ దిగగానే దాని నున్నటి బానెట్టు ఒకసారి నిమిరి చూసుకున్నారు. దాని నంబరు PY 04తో మొదలవుతుంది. అంటే యానాం రిజిస్ట్రేషను. అక్కడ పన్ను తక్కువని మా ఊళ్ళో పెద్దమనుషులు చాలామంది బండి ఇక్కడ కొని అక్కడ రాయించుకుంటారు. పక్కనే నిలబడ్డ రత్నం, “మా ఊరి నంబరండి సార్ మీ బండి” అంది ముచ్చటగా. ప్రిన్సిపాల్ గారు వినిపించుకోలేదు. బస్సు కదిలింది. మా విదేశీ బృందం కిటికీల్లోంచి చేతులూపుతూ కోరంగి, తాళ్ళరేవు మీదుగా దేశం దాటిపోయింది.

రెండు వారాలు పోయాక కన్వీనర్ హోదాలో తనిఖీకి వెళ్ళాను. కనకాల లాజరస్ గారిది రెండు గదుల ఆఫీసు. ముందు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు. వాటి మీద, వాటి కింద, గుమ్మంలో, అరుగు మీద కలిపి పదహారు మంది మా ప్రపంచ పౌరులు కూర్చుని ఉన్నారు. మిగతా పాతికమంది ఫీల్డు విజిట్‌లో ఉన్నారని చెప్పారు.

“ఏటండి మాస్టారూ ఇది?” అన్నారు లాజరస్ గారు, నన్ను పక్కకి లాగి. “జూనియర్లు వస్తారంటే సరే అన్నాను. వీళ్ళు నన్ను ‘ఎక్సెలెన్సీ’ అంటన్నారండి. మొన్నొకడు మీ దేశంలో హత్యకి శిక్షేంటండి అని అడిగాడు. మీ నాన్నని అడగరా అన్నాను. వాళ్ళ నాన్న కాకినాడలో నా క్లాస్‌మేటండి! పొద్దున్న పదింటికి సంతకం, పదీ అయిదుకి ఫీల్డు విజిట్ అని పోతన్నారు. ఫీల్డు ఎక్కడరా అంటే మూల మీద బ్రాందీ షాపు చూపిస్తన్నారు.”

ఆ సాయంత్రం తిరుగు బస్సులో, శనివారం గనక ఇళ్ళకి బయల్దేరిన మా విద్యార్థుల సంచులు సీసాలతో గలగలమన్నాయి. పంతులు గారి పద్నాలుగో నిబంధన గుర్తొచ్చి ఉన్నదున్నట్టు రిపోర్టులో రాశాను. ప్రిన్సిపాల్ గారు ఆ వాక్యం కొట్టేసి, ‘విద్యార్థులు స్థానిక సంస్కృతిలో గాఢముగా నిమగ్నులైనారు’ అని తిరగరాశారు. విశ్వవిద్యాలయం నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. మూడు జిల్లాల్లో నూటికి నూరు శాతం విదేశీ ఎక్స్‌టర్న్‌షిప్ సాధించిన కాలేజీ మాదొక్కటేనట. అందులో ‘అతి తక్కువ ఖర్చుతో’ అని మెచ్చుకున్నారు గాని, ఏ దేశమని ఎవరూ అడగలేదు. అడిగితే వాళ్ళకీ పని పడుతుంది.

నూటికి నూరు అంటే, రత్నాన్ని లెక్కలోంచి తీసేశారు. ‘విదేశీ విద్యార్థులు’ అని అప్పాజీ ఒక కొత్త ఫైలు తెరిచి అందులో ఆమె ఒక్కదాన్నీ పెట్టాడు. ఆ ఫైలు ఆకలికి అంతులేదు. వీసా కాపీ జతపరచమన్నారు. పాస్‌పోర్టు అడిగారు. ఇంటర్మీడియెట్ విదేశీ బోర్డు గనక తత్సమాన ధ్రువపత్రం తెమ్మన్నారు.

“మా ఊళ్ళో కూడా మీ బోర్డేనండి. మీరు చదివిన పుస్తకాలే మేమూ చదివామండి” అంది రత్నం.

“అంటే మన బోర్డు విదేశాల్లో కూడా నడుస్తోందన్నమాట” అని అప్పాజీ సంబరపడి, ఆ సంగతి కాలేజీ వార్షిక నివేదికలో విజయాల కింద వేశాడు. ఆ పిల్లకి మాత్రం మార్కుల మెమో గాని ప్రొవిజనల్ సర్టిఫికెట్ గాని ఇవ్వలేదు. జూన్ పది వెళ్ళింది. ఇరవై వెళ్ళింది. రోజూ ఏడింటి బస్సుకి వచ్చి, సాయంత్రం దాకా ఆఫీసు గుమ్మంలో నిలబడి, ఉత్త చేతులతో వెళ్ళిపోయేది. అది చూసిన ప్రతిసారీ నా మీద నాకే అసహ్యం వేసేది.

ఇరవై ఎనిమిదో తారీఖున, భయం విడిచి, నిబంధనావళి మొత్తం జిరాక్సు తీసి ఆమె చేతిలో పెట్టాను. “ఇందులో విదేశం అన్న మాట మూడు చోట్లే ఉందమ్మా. మూడూ చదువు” అన్నాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను చేసిన సాహసం అదొక్కటే.

ముప్ఫయ్యో తారీఖు మధ్యాహ్నం రెండున్నరకి కమిటీ ముందు రత్నం విచారణ. కమిటీ అంటే ప్రిన్సిపాల్ గారు, నేను, రాసుకోవడానికి అప్పాజీ. గోడ మీద పదకొండు మంది వ్యవస్థాపక సభ్యులు. రత్నం తెల్ల పంజాబీ డ్రెస్సులో వచ్చి, కోర్టులో నిలబడ్డట్టు నిలబడింది.

“నువ్వు చెప్పుకోవలసింది ఏమైనా ఉంటే సంక్షిప్తంగా చెప్పమ్మా” అన్నారు ప్రిన్సిపాల్.

“చిన్న సందేహం సార్. యానాం విదేశమేనాండి?”

“నిస్సందేహంగా.”

“రాసుకున్నారాండి అప్పాజీ గారూ?”

“ఆయ్, రాశానండి.”

“అయితే సార్, బయట వేపచెట్టు కింద తెల్ల కారు ఉందండి. అది విదేశంలో రిజిస్టరైన బండి గదండి. సరిహద్దు దాటించి తెచ్చినప్పుడు కస్టమ్స్ సుంకం కట్టారాండి?”

ప్రిన్సిపాల్ గారు నవ్వబోయారు. నవ్వు సగంలో ఆగింది.

“రెండోది సార్. మా ఊళ్ళో బండి రాయించుకోవాలంటే అక్కడ నివాసం ఉండాలండి. నివాసం ఉన్నట్టు మీరు సంతకం చేసే ఉంటారు. అంటే మీరు యానాం వాళ్ళండి. అంటే విదేశీయులండి. తొమ్మిదో నిబంధన ప్రకారం విదేశీయులు ఈ కాలేజీలో ఏ పదవీ చెయ్యకూడదండి.” కాయితం బల్ల మీద పెట్టింది. “అలాక్కాదు, మీరు కాకినాడలోనే ఉంటున్నారు, ఆ సంతకం ఉత్తుత్తిదే అంటారా, ఆ మాట నేననను సార్. మీరే చెప్పండి, అప్పాజీ గారు రాసుకుంటారు.”

అప్పాజీ పెన్ను ఎత్తి పట్టుకుని ప్రిన్సిపాల్ గారి వంకే చూస్తున్నాడు. నాకు ఈల వెయ్యాలనిపించింది. వెయ్యలేదు, కానీ వెయ్యాలనిపించిందని ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

ప్రిన్సిపాల్ గారు మంచినీళ్ళు తాగారు. కిటికీలోంచి కారు వంక చూశారు. తర్వాత ఆ అమ్మాయి వంక చూశారు. ఆయన ముఖంలో కారు ముద్దో నిబంధన ముద్దో తేల్చుకుంటున్న భావం కనిపించింది. కారే గెలిచింది.

“మాస్టారూ, సివిల్ ప్రొసీజర్‌లో దీనికి మార్గం లేదా?” అన్నారు, గొంతు బాగా తగ్గించి.

“సివిల్ ప్రొసీజర్‌లో లేదండి. మన మినిట్సు పుస్తకంలో ఉంటుంది” అన్నాను.

తీర్మానం ఆయనే చెప్పారు, అప్పాజీ రాశాడు, నేను సంతకం చేశాను. అన్నేళ్ళలో మనస్ఫూర్తిగా పెట్టిన సంతకం అది. ఆ తీర్మానం ఇది:

‘కుమారి సంగాడి నూకరత్నం నేటి మధ్యాహ్నం మూడు గంటల వరకు విదేశీయురాలై, గత మూడు సంవత్సరములుగా విదేశమగు కాకినాడయందు న్యాయవిద్య నభ్యసించినందున, ఆమె ఎక్స్‌టర్న్‌షిప్ పూర్తియైనట్లు పరిగణించి వంద మార్కులు ఇవ్వడమైనది. మూడు గంటల ఒక్క నిమిషము నుండి ఆమె భారతీయురాలైనందున, విదేశీ విద్యార్థుల ఫైలు మూసివేయడమైనది. పై విద్యార్థిని, ప్రిన్సిపాల్ గారి కారు, ఈ రెండింటి విషయమున మాత్రము యానాము భారతదేశములో అంతర్భాగముగా భావించబడును. ఇతరుల విషయమున యథాపూర్వము.’

మూడూ ముప్పావుకి సర్టిఫికెట్ మీద సీలు పడింది. దాన్ని పట్టుకుని, నా స్కూటరు మీద రత్నాన్ని వెనక కూర్చోబెట్టుకుని, వంతెన దగ్గర నెట్ సెంటరుకి పరుగెత్తించాను. దారిలో ఆమె ఫోను మోగింది. వాళ్ళ తాత. అటు ఏమన్నాడో గాని, ఇటు ఈ పిల్ల గట్టిగా అరిచి చెబుతోంది, ఆయనకి చెవుడు కాబోలు. “కలిపేశారు తాతా! ఆఁ... మూడింటికి! మూడింటికి కలిపారు!”

ఫోను సంచిలో పెట్టుకుంది. తర్వాత అంది: “యాభై నాలుగులో మా తాత జెండా పట్టుకుని ఊరేగింపులో ముందు నడిచాడండి. పద్దెనిమిదేళ్ళటండి అప్పుడు. ఫ్రెంచి పోలీసులు కొడితే భుజం విరిగిందండి, ఇప్పటికీ చెయ్యి పైకి లేవదు. మనల్ని ఇండియాలో కలిపింది నేనేనే అని రోజూ చెబుతాడండి. నిన్న రాత్రి ఈ గొడవంతా చెబితే, ‘మరి నా చెయ్యి ఎందుకు విరిగిందే?’ అని అడిగాడండి. ఏం చెప్పనండి?”

స్కూటరు నడుపుతున్నాను గనక నా ముఖం ఆమెకి కనిపించదు, అదొక్కటే అదృష్టం అనుకున్నాను.

నెట్ సెంటర్లో కూర్చుని ఫారం నింపడం మొదలుపెట్టింది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ టకటకా కొట్టేసింది. సర్టిఫికెట్ ఎక్కించింది. ఆఖరి గడి దగ్గరికి వచ్చి ఆగిపోయింది. నేను వంగి చూశాను. ‘జాతీయత’ అని ఉంది.

రత్నం నా వైపు తిరిగింది. ఆ ముఖంలో నవ్వు లేదు.

“మాస్టారూ, టైమెంతయిందండి?”

“నాలుగూ పది.”

“మూడు దాటింది గదండి” అని, ‘ఇండియన్’ అని కొట్టింది.